కప్పు మీది కర్ర లాంతరు: కుళ్లేది ఎక్కడ, నిలబెట్టేది ఎలా

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో బ్రిటిష్ కాలంలో కట్టిన పెద్ద హాళ్ల మీద ఒక్కోచోట కొప్పు దాటి పైకి లేచిన కర్ర గూడు కనిపిస్తుంది. నాలుగు పక్కలా అద్దాలో వాలు రెక్కలో ఉంటాయి, పైన మళ్లీ దానికంటూ ఒక చిన్న కప్పు. వాస్తుశిల్పులు దీన్ని రూఫ్ లాంటర్న్ అంటారు. ఇక్కడ లాంతరు అనే రాస్తాను. హాలు మధ్యలో నిలబడి తలెత్తితే వెలుగు పడేది అక్కడినుంచే, వేడిగాలి బయటికి పోయేదీ అక్కడినుంచే.

తుఫాను వచ్చి వెళ్లిన ప్రతిసారీ దీని మెడ మీదికి కత్తి వస్తుంది. 1999 అక్టోబరు 17న గోపాలపూర్ దగ్గర తీరం దాటిన తుఫాను, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, ఒక్కొక్కటీ ఈ జిల్లాల పాత కప్పులను కుదిపి పోయినవే. ఆ తర్వాత హాలులో నీరు కారుతుంది, ఎవరో పైకెక్కి చూస్తారు, ఒక మూల కర్ర చేతికి పొడిపొడిగా వస్తుంది. "పాతబడిపోయింది, తీసేసి రేకు వేద్దాం" అనే మాట వెంటనే వినిపిస్తుంది. ఆ నిర్ణయం చాలా సందర్భాల్లో తప్పని నా గట్టి నమ్మకం. ఎందుకంటే లాంతరును చెడగొట్టేది వయసు కాదు. నీరు బయటికి పోయే దారులను, గాలి ఆడే దారులను మనమే ఒక్కొక్కటిగా మూసేస్తూ వచ్చాం. అది గుర్తించకుండా కొత్త కర్రతో కట్టినా, పదేళ్లకు అదే మూల మళ్లీ కుళ్లుతుంది.

వయసు కారణం కాదనడానికి దూరపు ఉదాహరణ ఒకటి చెప్పుకోవచ్చు. ఇంగ్లండులోని ఈలీ కెథెడ్రల్‌లో 1322లో మధ్య గోపురం కూలిపోయింది. దాని స్థానంలో అదే శతాబ్దంలో ఓక్ దుంగలతో ఎనిమిది పక్కల లాంతరు కట్టారు. మధ్యమధ్య మరమ్మతులు జరిగాయి గానీ, ఆ కట్టడం ఇప్పటికీ నిలిచి ఉంది. వాతావరణం వేరు, కర్ర వేరు. నియమం మాత్రం ఒకటే: పొడిగా ఉన్న కర్రకు ముసలితనం లేదు.

ముందు లాంతరు చేసే పని ఎంత సున్నితమైనదో చూద్దాం. హాలు నేల నుంచి లాంతరు రెక్కల దాకా 6 మీటర్ల ఎత్తు ఉందని, లోపలి గాలి బయటి గాలికంటే 5 డిగ్రీలు వేడిగా ఉందని అనుకుందాం. ఆ తేడా వల్ల పుట్టే పీడనం దాదాపు 1 పాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) మాత్రమే. చెంపకు కూడా తెలియనంత స్వల్పం. అయినా కింద ఒక చదరపు మీటరు కిటికీ, పైన ఒక చదరపు మీటరు రెక్కల ఖాళీ తెరిచి ఉంటే గంటకు సుమారు 2,000 ఘనపు మీటర్ల గాలి కదులుతుంది. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు ఉన్న హాలులో గంటకు మూడుసార్లకు పైగా గాలి మొత్తం మారుతుందన్న మాట. కరెంటు లేకుండా, చప్పుడు లేకుండా.

ఇంత చిన్న బలంతో నడిచే ఏర్పాటు కాబట్టే చిన్న అడ్డం కూడా దాన్ని ఆపేస్తుంది. పావురాలు రాకుండా దోమల జాలి బిగిస్తారు. కొన్ని నెలల్లో జాలి కళ్లు దుమ్ముతో పూడుకుపోయి గాలి నిలిచిపోతుంది. పక్షులను ఆపడానికి 12 నుంచి 19 మిల్లీమీటర్ల కన్ను ఉన్న జాలి చాలు. ఏసీ పెట్టించి కింద ఫాల్స్ సీలింగ్ వేస్తే ఇంకా నష్టం. సీలింగ్‌కూ కప్పుకూ మధ్య గాలి ఆడని వేడి, తేమ నిలిచిపోతాయి. గబ్బిలాలు చేరతాయి. కింద కూర్చున్నవారికి అవేవీ కనబడవు, ఏళ్ల తరబడి ఎవరూ తల పైకెత్తరు.

ఇక తుఫాను సంగతి. భారత ప్రమాణాల సంస్థ గాలి బలానికి ఇచ్చిన సూత్రం చాలా సులువు: గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 0.6తో హెచ్చిస్తే పాస్కల్‌లలో పీడనం వస్తుంది. ఈ తీరానికి లెక్కలో తీసుకోవలసిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే 1,500 పాస్కల్. చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బలం. మామూలు రోజున ఒక్క పాస్కల్ మీద బతికే వస్తువు ఒక రాత్రికి దానికి పదిహేను వందల రెట్లు తట్టుకోవాలి. లాంతరు మరమ్మతులో చిక్కంతా ఈ రెండు అంకెల మధ్యనే ఉంది. గాలికి బిగించేస్తే ఊపిరి ఆడదు, ఊపిరికి వదిలేస్తే గాలికి ఎగిరిపోతుంది.

"రేకు వేద్దాం" అనేవారు గమనించని విషయం ఇక్కడే ఉంది. మంగుళూరు పెంకు కప్పు, కింది పట్టెలతో కలిపి, చదరపు మీటరుకు సుమారు 64 కిలోలు తూగుతుంది. మామూలు జింకు పూత రేకు 6 కిలోల లోపే. గాలి కప్పును పైకి లాగే బలం దాని పీడనానికి సమానమని స్థూలంగా అనుకుంటే, పెంకు కప్పు సొంత బరువుతోనే గంటకు 115 కిలోమీటర్ల గాలి దాకా కూర్చుని ఉంటుంది. రేకు అయితే గంటకు 36 కిలోమీటర్లకే లేస్తుంది. ఆ పైన దాన్ని పట్టి ఉంచేది మేకులే. ఆ మేకులు దిగినది సగం కుళ్లిన కర్రలోకి. తుఫానులో రేకులు ఎగిరిపోయాయని వినడమే గానీ, ఎగిరే ఏర్పాటు మనం చేసిందేనని తక్కువమంది ఒప్పుకుంటారు. పెంకు కూడా ఫైలిన్ లాంటి గాలికి సరిపోదు, నిజమే. అందుకు మార్గం బరువు తగ్గించడం కాదు, కప్పును కింది దూలాలకు కట్టిపడేయడం. దాని దగ్గరికి వస్తాను.

కుళ్లు ఎక్కడ మొదలవుతుంది? దాదాపు ఎప్పుడూ అడుగుపట్టె మూలల్లో. గూడు నాలుగు పక్కలా కింద అడ్డంగా ఉండే పట్టె అది. మూల స్తంభాలు దానిమీదే నిలుస్తాయి, అద్దం మీద పడిన వాన అంతా దానిమీదికే జారుతుంది. పాత వడ్రంగులకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే పట్టె పైముఖాన్ని బయటి వైపుకు వాలుగా చిత్రిక పట్టారు. అంతకంటే తెలివైన పని ఇంకొకటి చేశారు. పట్టె బయటికి పొడుచుకొచ్చిన అంచు కింద, పొడవునా, చిటికెన వేలి కొన పట్టేంత సన్నని గాడి తీశారు. గ్లాసును నెమ్మదిగా వంచితే పాలు అంచు చుట్టూ తిరిగి గ్లాసు అడుగుకు జారతాయి కదా, వాన నీరు కూడా అలాగే పట్టె కిందుగా లోపలికి పాకుతుంది. గాడి దగ్గర ఆ పాకుడు తెగి చుక్క కింద పడిపోతుంది. అంతే, ఆ గాడి చేసే పని.

ఇప్పుడు ఏ పాత లాంతరు దగ్గరికైనా వెళ్లి ఆ గాడిలో వేలు పెట్టి చూడండి. చాలాచోట్ల వేలు దిగదు. పండుగకు ఒకసారి, పెద్దవారు వస్తున్నారని ఇంకోసారి వేసిన ఎనామిల్ రంగులు పొరమీద పొరగా పేరుకుని గాడిని పూడ్చేశాయి. అక్కడినుంచి నీరు లోపలికి నడిచి స్తంభం పాదం అతుకులో చేరుతుంది. కర్ర కొస అడ్డంగా కోసిన ముఖం నీటిని పక్క ముఖాలకంటే ఎన్నో రెట్లు వేగంగా పీల్చుకుంటుంది. పీల్చిన నీరు ఆరిపోవాలంటే రంగు పొర అడ్డం. ఇలా పైకి నిగనిగలాడుతూ లోపల పిండి అయిపోయిన స్తంభాలు ఉంటాయి.

రంగు తర్వాత రెండో నేరస్థుడు సిమెంటు. పెంకుకూ లాంతరు పీఠానికీ మధ్య సందు కనబడగానే మేస్త్రీ సిమెంటు పూత పెడతాడు. ఎండకు కర్ర, పెంకు, సిమెంటు మూడూ మూడు రకాలుగా కదులుతాయి. ఒక వేసవి గడిచేసరికి వెంట్రుకవాసి పగులు వస్తుంది. ఆ పగులు నీటిని లోపలికి రానిస్తుంది, పోనివ్వదు. అక్కడ ఉండవలసింది సీసపు రేకో రాగి రేకో, పెంకు మీదికి పరుచుకుని, పీఠం మీదికి కనీసం 150 మిల్లీమీటర్లు లేచి, పైన కర్ర కిందికి దూరాలి. రేకును కూడా ఒకే పొడవు ముక్కగా వేయకూడదు. మీటరున్నర సీసపు రేకు 40 డిగ్రీల తేడాకు దాదాపు 1.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ముక్కల మధ్య కదలడానికి చోటు లేకపోతే ముడతపడి చిరుగుతుంది. రాగి రేకు మీదనుంచి జారే నీరు జింకు పూత రేకు మీద పడకూడదన్నది ఇంకో జాగ్రత్త, పడితే జింకు పూత త్వరగా తినుకుపోతుంది.

మూడోది ఇనుప మేకు. టేకు, సాల్ (గుగ్గిలం) వంటి కర్రల్లోని రసాలు ఇనుముతో కలిసి మేకు చుట్టూ నల్లటి మచ్చ కడతాయి, అక్కడి కర్ర మెల్లగా బలం కోల్పోతుంది. గోపాలపూర్ వైపు ఉప్పుగాలి దీనికి తోడు. తుప్పు ఇనుముకంటే ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది కాబట్టి మేకు ఉబ్బి కర్రను చీలుస్తుంది. కొత్తగా వేసేవి ఇత్తడి, కంచు, లేదా ఉప్పుగాలిని తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మరలు అయి ఉండాలి. ఖర్చు ఎక్కువే. అయినా మొత్తం పనిలో మరల ఖర్చు ఎంత?

కర్ర సంగతికి వస్తే, ఇక్కడి పాత కట్టడాల్లో రెండు జాతులు ముఖ్యం. గంజాం, కోరాపుట్ అడవుల సాల్, రైలు స్లీపర్లకు వాడినంత గట్టిది, బరువైనది, ఎండకు మెలితిరిగే గుణం ఉన్నది. రెండోది టేకు. గోపాలపూర్ నుంచి రంగూన్‌కు ఓడలు నడిచిన కాలంలో మనుషులు అటు వెళ్లారు, బర్మా టేకు ఈ తీరానికి వచ్చింది. కదలిక తక్కువ కాబట్టి అద్దాల చట్రాలకు టేకు, బరువు మోసే దూలాలకు సాల్ అనేది సహజమైన పంపకం. రెండింటిలోనూ చేవ ఉన్న భాగం చెదకు, బూజుకు ఎదురు నిలుస్తుంది. బెరడు పక్కనున్న తెల్లకర్రకు ఆ శక్తి లేదు. పుచ్చు పురుగు తెల్లకర్రను తిని చేవ దగ్గర ఆగిపోవడం పాత దూలాల్లో తరచూ చూస్తాం. కింద నేల మీద సన్నని పిండి రాలుతోందని భయపడి దూలం మొత్తం మార్చేస్తారు. ఉలితో తెల్లకర్రను చెక్కేస్తే లోపల మోగే చేవ బయటపడుతుంది.

కర్రను కుళ్లబెట్టే బూజుకు తేమ కావాలి. కర్రలో తేమ 20 శాతం దాటకపోతే అది పెరగలేదు. ఈ ఒక్క అంకె గుర్తుంటే మందుల అమ్మకందారుల మాటలు సగం పక్కన పెట్టవచ్చు. రెండు సూదులున్న తేమ మీటరు ఇప్పుడు అందరికీ అందుబాటు ధరలో దొరుకుతుంది. వానల తర్వాత ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి అవే చోట్ల గుచ్చి చూడాలి. వానల్లో 24 ఉండి ఫిబ్రవరికి 14కు దిగిందంటే అక్కడ నీరు వస్తోంది గానీ ఆరుతోంది కూడా. ఫిబ్రవరిలోనూ 22 దగ్గరే నిలిచిందంటే నీరు చిక్కుకుపోయింది, విప్పి చూడవలసిందే.

కారే చోటును వెతకడానికీ ఒక పద్ధతి ఉంది. చుక్క పడిన చోటే రంధ్రం ఉండదు. నీరు వాసం వెంట రెండు మూడు మీటర్లు నడిచి, మేకు మొన దగ్గరో గంటు దగ్గరో కింద పడుతుంది. అందుకే పొడి రోజున పైపుతో నీళ్లు పట్టి చూడాలి, అదీ కింది నుంచి. ముందు పెంకుకూ పీఠానికీ మధ్య చేరిక మీద కాసేపు, లోపల చుక్క రాకపోతే అడుగుపట్టె మీద, తర్వాత అద్దాల లప్పం మీద, చివరికి చిన్న కప్పు మీద. పైనుంచి మొదలుపెడితే నీరు అన్నిటి మీదుగా జారి, ఏది కారుతోందో తెలియకుండా పోతుంది.

విప్పే ముందు ప్రతి ముక్కకూ గుర్తు, ప్రతి పక్కకూ ఫోటో, కొలతలతో గీసిన బొమ్మ. ఇది కాగితాల లాంఛనం కాదు. నూరేళ్లు ఒక చోట కూర్చున్న చట్రం నాలుగు మూలలూ సమకోణంలో ఉండవు. తూర్పు చట్రం పడమటి వైపు పట్టదు. పనికి మంచి కాలం డిసెంబరు నుంచి మార్చి దాకా. ఏప్రిల్ దాటితే ఈదురుగాలి వానలు, జూన్ నుంచి రుతుపవనాలు, అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. సరుగుడు బాదుల పరంజా మీద టార్పాలిన్ కట్టి పని చేసేటప్పుడు ఆ టార్పాలిన్ కూడా తెరచాప అవుతుందని మరవకూడదు. పరంజాను భవనానికి కట్టాలి గానీ, లాంతరుకు కాదు.

అసలు మరమ్మతు సూత్రం: కుళ్లినంత మేరకే కోయాలి. స్తంభం పాదం ఒక జాన మేర పాడైతే, ఆరోగ్యంగా ఉన్న కర్ర దాకా వెళ్లి ఏటవాలుగా కోసి, అదే జాతి, అదే దిశలో నారలు ఉన్న, అంతే ఆరిన కర్రను అతకాలి. అతుకు పొడవు కర్ర మందానికి ఆరు నుంచి ఎనిమిది రెట్లు ఉంటే బలం చక్కగా దిగుతుంది. వాలు ఎటు ఉండాలన్నది బలమంత ముఖ్యం. అతుకు గీత బయటి ముఖం మీద కిందికి దిగాలి, నీరు దాటిపోవాలి. లోపలికి వాలితే మనమే కాలువ తవ్వినట్టు. బరంపురం వంటి ఊళ్లలో కూల్చిన ఇళ్ల టేకు అమ్మే పాత కలప దుకాణాలు దీనికి మంచి దారి. ఏళ్ల తరబడి ఆరిన కర్ర, కొత్తగా చెట్టు కొట్టనక్కర లేదు. రంపం పెట్టే ముందు పాత మేకుల కోసం అయస్కాంతం నడిపించి చూడాలి.

కుళ్లిన చోట ఎపాక్సీ (ఆరాక రాయిలా గట్టిపడే రసాయన జిగురు) పోసి నింపేయడం ఇప్పుడు అలవాటైంది. లోపలి పొడి ప్రదేశాల్లో అది ఉపయోగపడవచ్చు. వాన తగిలే స్తంభం పాదంలో పోస్తే కర్ర కదులుతుంది, ఎపాక్సీ కదలదు, రెంటి మధ్య సందులో నీరు చేరి బయటికి రాలేక మరింత వేగంగా కుళ్లబెడుతుంది. బయటి కర్రకు కర్రే మందు.

పాత రంగు గీకేటప్పుడు ప్రాణానికి సంబంధించిన జాగ్రత్త ఒకటుంది. పాత రంగుల్లో సీసం విరివిగా ఉండేది. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని పది లక్షల భాగాల్లో 90 భాగాలకు పరిమితం చేసిన నియమాలు 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. అంతకు ముందు పొరల్లో ఎంత ఉందో పైకి చూస్తే తెలియదు. పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము వడ్రంగి ఊపిరితిత్తుల్లోకి, అతని బట్టల వెంట ఇంట్లో పిల్లల దాకా వెళుతుంది. తడిపి గీకాలి, మాస్కు కట్టాలి, రాలిన పెచ్చులు పోగుచేసి జాగ్రత్తగా తీసేయాలి. ఆ తర్వాత అవిసె నూనె ఆధారమైన రంగు వేస్తే కర్రలోని తేమకు బయటికి పోయే వీలు ఉంటుంది. అద్దాలకు సుద్దపొడి, అవిసె నూనె కలిపిన లప్పమే మేలు. సిలికాన్ నిగనిగలాడుతుంది గానీ, తర్వాత అద్దం పగలకుండా విప్పడం కష్టం. పాత అద్దంలో సన్నని అలలు ఉంటాయి, వెలుగు వాటి గుండా కదులుతూ దిగుతుంది. అలాంటి అద్దం పగిలితే దానికి సాటివచ్చేది బజారులో సులువుగా దొరకదు.

తుఫానుకు కట్టిపడేయడం పాత వడ్రంగులు చేయని పని, మనం కలపవలసిన పని. లాంతరు చిన్న కప్పు నుంచి మూల స్తంభాల పక్కగా స్టెయిన్‌లెస్ కడ్డీలను దింపి, హాలు ప్రధాన దూలాలకు బిగించాలి. కడ్డీలు లోపలి వైపున, కావాలంటే రేపు విప్పడానికి వీలుగా. రెక్కలకు బయటినుంచి బిగించే తుఫాను తలుపులు కూడా చేసి ఉంచాలి. గాలి కొట్టే వైపు తెరిచి ఉంటే అది లోపలికి దూరి కప్పును కిందినుంచి కూడా తోస్తుంది. ఇలా కొత్తది చేర్చడం పాతదానికి అన్యాయమని కొందరు అంటారు. 2017 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఐకోమోస్ (వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ) మహాసభ కర్ర కట్టడాల పరిరక్షణకు సూత్రాలు ఆమోదించింది. వీలైనంత తక్కువ జోక్యం, తర్వాత తీసేయగలిగే పద్ధతి, పాత కర్రను వీలైనంత నిలుపుకోవడం అందులో ప్రధానం. కడ్డీ ఆ పరీక్షకు నిలుస్తుంది. మొత్తం పీకి కొత్త లాంతరు కట్టడం నిలవదు.

అయితే టెండరు లెక్క ఎదురు తిరుగుతుంది. కలప పనికి మామూలుగా డబ్బు వచ్చేది కొత్త కర్ర ఘనపరిమాణం మీద. జానెడు అతుకుకు వడ్రంగికి రెండు రోజులు పట్టవచ్చు, లెక్కలో మాత్రం అది గుప్పెడు కర్ర. స్తంభం మొత్తం మారిస్తే పని తక్కువ, బిల్లు ఎక్కువ. గుత్తేదారు దురాశాపరుడు కానక్కర లేదు, లెక్కే అతన్ని అటు నెడుతుంది. అతుకుకు ఇంత, గాడి శుభ్రానికి ఇంత, చట్రం విప్పి మళ్లీ బిగించడానికి ఇంత అని విడివిడిగా రాసిన అంచనా లేకపోతే పాత కర్ర నిలవదు. చేసే చేతులు ఉన్నాయి. పూరీ రథాలను ఏటా కొత్తగా కట్టే మహారణా వడ్రంగుల సంప్రదాయం ఇదే రాష్ట్రంలో సజీవంగా ఉంది. సరిహద్దు ఊళ్లలో తెలుగు వడ్రంగులు, ఒడియా వడ్రంగులు ఒకే పరంజా మీద పని చేస్తారు. వారికి కావలసింది అతుకు విలువ తెలిసిన యజమాని.

పని అయ్యాక పైకి ఎక్కే దారి ఉండాలి. నిచ్చెన ఆనించడానికి కొక్కెం, అడుగు పెట్టడానికి పెంకు మీద ఒక పలక, నడుము తాడు కట్టడానికి ఒక కడియం. ఇవి లేకపోతే ఎవరూ ఎక్కరు. మే నెలాఖరున ఒకసారి, నవంబరు తుఫాన్లు దాటాక ఒకసారి ఒక మనిషి పూటసేపు ఎక్కితే చాలు. గాడిలో వేలు నడిపించాలి, లప్పం పగుళ్లు చూడాలి, పెంకుల కింద ఆకులు తీయాలి, కడ్డీల మరలు బిగించాలి, నాలుగు మూలల్లో తేమ మీటరు గుచ్చి వచ్చిన అంకెలను తేదీతో లోపలి చట్రం మీద పెన్సిలుతో రాయాలి. మరుసటి సారి ఎక్కేవాడు మొదట చదవవలసింది ఆ అంకెలనే.